ఏదులొర్రెలో ఎవరూ లేరు

ఏదులొర్రెలో మనుషులెవరూ లేరని రాసిన కాగితం మీద ఏదులొర్రె మనుషులు అయిదుగురు వేలిముద్రలు వేశారు. అందులో మూడోది భూమక్కది.

ఇందులో కుట్రేమీ లేదు. ఏటా జరిగే పనే. జమాబందీ రోజుల్లో, అంటే రెవెన్యూ వాళ్లు ఊళ్ల లెక్కలు సరిచూసుకునే రోజుల్లో, మండల ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి ఒక కాగితం తీసేవాడు. పంచనామా అన్నాక స్థానికులు అయిదుగురు సాక్ష్యం చెప్పాలి కాబట్టి అయిదుగురిని పిలిచేవాడు. వాళ్లు చేతిలో పని ఆపి వచ్చి వేలిముద్రలు వేసి, ఆయనకు చల్ల పోసి సాగనంపేవాళ్లు. కాగితంలో ఏముందని ఎవరూ అడగలేదు. భూమక్క భర్త బతికున్నన్నాళ్లు ఆయనే ముద్ర వేశాడు. ఆయన పోయాక ఆ బాధ్యత భూమక్క బొటనవేలికి వచ్చింది.

కాగితంలో ఉన్నది ఒక్క ముక్క. 'ఈ గ్రామము బేచిరాగ్.'

నిజాం కాలపు మాట అది. బే అంటే లేకపోవడం, చిరాగ్ అంటే దీపం. దీపం వెలగని ఊరు, అంటే మనుషులు లేని ఊరు. తొంభై ఏళ్ల కిందట ఏదులొర్రెలో కలరా సోకితే జనమంతా గుట్ట అవతలికి పోయారు. సరిగ్గా ఆ నెలలోనే సర్వేవాళ్లు వచ్చి చూసి రాసుకుని పోయారు. తర్వాత జనం తిరిగి వచ్చారు. సర్వేవాళ్లు రాలేదు.

తొంభై ఏళ్లు దీనివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ కలగలేదు. ఏదులొర్రె వాళ్ల రేషన్ కార్డులు, ఓట్లు, ఆధార్లు అన్నీ గుట్ట అవతలి మండల కేంద్రం ముత్యంగట్టు పేరు మీదే నడిచాయి. ఉండేది ఇక్కడ, ఉన్నట్టు అక్కడ.

సోమన్‌గిరి కొత్త జిల్లా అయ్యాక పరిస్థితి మారింది. కొత్త జిల్లాకు కొత్త కలెక్టరేటు, కొత్త కలెక్టరేటుకు కొత్త ఉత్సాహం వచ్చాయి. మొదటి ఏడాదే 'జిల్లా కరదీపిక' అని అట్ట మీద కొండ బొమ్మతో ఒక పుస్తకం అచ్చు వేశారు. అందులో నూట పదకొండో పేజీలో ఏదులొర్రె ఉంది. 'భౌగోళిక స్వరూపం: రెండు గుట్టల నడుమ లోయ, ఒక ఒర్రె. జనాభా: సున్న. అక్షరాస్యత: నలభై ఒక్క శాతం. ప్రధాన వృత్తి: పసుపు సాగు.' ఈ పేజీని నలుగురు అధికారులు సరిచూసి సంతకాలు పెట్టారు.

రెండో ఏడాది 'శూన్య గ్రామాల సద్వినియోగ పథకం' వచ్చింది. జిల్లాలో మనుషులు లేని ఊళ్లు వృథాగా పడి ఉన్నాయనీ, వాటిని అభివృద్ధిలో భాగస్వాములను చేయాలనీ పైనుంచి ఆదేశం. సోమన్‌గిరి పట్టణం రోజుకు పద్దెనిమిది లారీల చెత్త పోస్తోంది. ఆ చెత్త పోయడానికి చుట్టుపక్కల అయిదు వందల మీటర్లలో ఒక్క నివాసి కూడా ఉండని చోటు కావాలి. కరదీపిక తెరిచారు. నూట పదకొండో పేజీ దగ్గర ఆగారు.

జూలై నెల. భూమక్క వాకిట్లో పసుపు మళ్లకు ఎరువు గంపలు సర్దుకుంటుంటే డప్పు మోగింది. తహసీల్ ఆఫీసు కబుర్లు ఊళ్లలో చాటే మస్కూరి ఓదెలు ముత్యంగట్టు నుంచి వచ్చాడు. వీధి మధ్యలో నిలబడి, ఎవరి వైపూ చూడకుండా, గుట్ట వైపు మొహం పెట్టి నోటీసు చదివాడు. ఈ గ్రామంలో నివాసులెవరూ లేనందున ఇక్కడ జిల్లా చెత్త యార్డు నెలకొల్పబడునని, దీనిపై నివాసులకు అభ్యంతరాలున్నచో పదిహేను రోజుల్లోగా స్వయంగా హాజరై తెలుపవలెనని దాని సారాంశం.

"ఎవలకు జెప్తున్నవ్ ఓదెలూ?" అని అడిగింది భూమక్క.

"ఎవలకు గాదక్కా. లేనోళ్లకు చాటుమన్నరు, చాటిన."

"మరి నేనెవర్నిరా?"

"నువ్వు సాచ్చివి. ఊళ్లె ఎవలు లేరన్నదానికి సాచ్చివి. గీడ ముద్రెయ్యి."

ఈసారి ఆమె ముద్ర వేయలేదు. ఇంటర్ దాకా చదివిన కోడలు స్రవంతిని పిలిచి కాగితం మొత్తం చదివించుకుంది. వెనక ఒక పటం కూడా ఉంది. అరవై మూడు ఇళ్లూ చెరిపేసి గళ్లు గీశారు. గుడి ముందు ప్లాస్టిక్, బడి దగ్గర గాజు పెంకులు. తమ ఇల్లు ఎక్కడుందో వెతకమంది భూమక్క. స్రవంతి వేలు పెట్టి చూపించింది. 'తడి చెత్త. గుంత నంబరు నాలుగు.'

పెళ్లయి వచ్చిన రోజు నుంచి ముప్పై ఆరేళ్లుగా ఉన్న ఇల్లు. భూమక్క గంప పక్కన పెట్టి, చీర మార్చుకుని, ముత్యంగట్టు బయల్దేరింది.

తహసీల్దార్ కోదండపాణి మర్యాదస్థుడు. ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లు తెప్పించి, ఆమె చెప్పింది మొత్తం విన్నాడు. తర్వాత బీరువాలోంచి ఎర్రదారం కట్టిన కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ముప్పై ఏళ్ల పంచనామాలు.

"అమ్మా, మీరు లేరని ప్రభుత్వం ఎన్నడూ అనలేదు. మీరే అన్నారు. ఇదిగో మీ వేలిముద్ర. ఇది మీ ఆయనది."

భూమక్క ఆ ముద్రల వంక చాలాసేపు చూసింది. భర్త ఫొటో కూడా లేదు ఇంట్లో. ఆయన మిగిల్చిపోయిన గుర్తుల్లో తేటగా ఉన్నది ఇదే. తాను లేనని చెబుతూ వేసిన బొటనవేలు.

"గిప్పుడు నీ ముందల్నే ఉన్న గద సారూ. కండ్లకు కనబడ్తలేనా?"

"కనపడుతున్నారమ్మా. కానీ మీరు కనపడుతున్నది ముత్యంగట్టులో. ముత్యంగట్టులో మనుషులున్నారన్న విషయంలో మాకు వివాదం లేదు."

దారి మాత్రం ఉందని చెప్పాడాయన. బేచిరాగ్ రద్దు కావాలంటే చిరాగ్ రుజువు కావాలి. ఒక అధికారి క్షేత్ర పరిశీలనకు వచ్చి, ఊళ్లో దీపం వెలుగుతున్నట్టు కళ్లారా చూసి నివేదిక ఇవ్వాలి. తమ ఊళ్లో కరెంటు దీపాలున్నాయని భూమక్క అంది. పాత నిర్వచనంలో నూనె, వత్తి, మంట అని మూడే ఉన్నాయనీ, బల్బు ఆ మూడింటిలో ఎందులోకీ రాదనీ ఆయన విచారంగా చెప్పాడు.

పరిశీలనకు వేసిన అధికారి డిప్యూటీ తహసీల్దార్ విశ్వంభర్. నియమాలంటే ప్రాణం. చెప్పులు విడిచే చోట కూడా వరస పాటించే మనిషి. వారం తర్వాత మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు ఓదెలును వెంటబెట్టుకుని ఏదులొర్రె చేరుకున్నాడు.

ఊరు సిద్ధంగా ఉంది. అరవై మూడు గడపల ముందు అరవై మూడు ప్రమిదలు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టి గాలికి ఆరకుండా కాపాడుతున్నారు. విశ్వంభర్ మొదటి ప్రమిద ముందు గొంతుక్కూర్చున్నాడు. నూనె ఉంది, టిక్కు పెట్టాడు. వత్తి ఉంది, టిక్కు పెట్టాడు. మంట ఉందా అని చెయ్యి దగ్గర పెట్టి చూసి, చురుక్కుమన్నాక టిక్కు పెట్టాడు. నిర్వచనంలో లేకున్నా ఫారంలో ఉన్న నాలుగో గడి దగ్గర కలం ఆగింది. కాంతి.

ఎండ నెత్తిన పేలుతోంది. ప్రమిద చుట్టూ మూడుసార్లు తిరిగి చూశాడు. 'కాంతి గోచరించలేదు' అని రాశాడు. అరవై మూడు ప్రమిదల దగ్గరా అదే రాశాడు.

ఎండలో దీపం ఎలా కనబడుతుందని, పొద్దుగూకాక రమ్మని భూమక్క బతిమాలింది. అయిదు దాటితే తనకు చూసే అధికారం ఉండదని ఆయన చెప్పాడు. చూడగలనేమో గానీ, ఆ చూపు చెల్లదన్నాడు. పోనీ ఇంట్లో చీకటి అర్రలో చూడమంది. ఇంట్లో వెలిగేది ఇంటి చిరాగ్ అవుతుందనీ, ఊరి చిరాగ్ కాదనీ ఆయన అన్నాడు. తర్వాత సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి, నివేదికను ఫోన్లోనే పంపేశాడు. 'ప్రస్తావిత గ్రామమున దీపకాంతి ఏమాత్రమూ గోచరించలేదు.'

ఆయన గుట్ట దిగేలోపే వాన మొదలైంది.

గంటలో ఒర్రె పొంగింది. ముత్యంగట్టు దారిలో ఉన్న కల్వర్టు మీద మనిషి లోతు నీళ్లు. విశ్వంభర్, ఓదెలు ఊళ్లోనే చిక్కుకుపోయారు. వాళ్లను భూమక్క ఇంట్లోకి పిలిచింది. ఊళ్లో ఎవరూ లేరని రాసిన మనిషికి అన్నం పెట్టడమేమిటని స్రవంతి వంటింట్లో గొణిగింది. ఆయన పళ్లెంలో పచ్చిపులుసు పోస్తూ, ఎవలు లేని ఇల్లే సారూ, మొహమాటం లేకుండ తినుండ్రి, అంది భూమక్క. విశ్వంభర్ తలెత్తకుండా తిన్నాడు.

అసలు చిక్కు మర్నాడు పొద్దున వచ్చింది. కొత్త జిల్లాలో ఉద్యోగులంతా ఎక్కడున్నా పదిన్నరకల్లా ఫోన్లో మొహం చూపించి హాజరు వేయించుకోవాలి. విశ్వంభర్ గొడుగు పట్టుకుని గుట్ట ఎక్కి మొహం చూపించాడు. యాప్ ఆయన ఉన్న చోటును కనిపెట్టింది. ఆలోచించింది. తర్వాత ఎర్ర అక్షరాల్లో చెప్పింది: 'మీరున్న ప్రాంతంలో మనుషులు లేరు. దయచేసి మనుషులున్న ప్రాంతానికి వెళ్లి మీ ముఖం చూపండి.'

ఆయన కళ్లజోడు తీసి చూపించాడు. జుట్టు దువ్వుకుని చూపించాడు. నవ్వు మొహం పెట్టి కూడా చూపించాడు. లేడు.

ఓదెలు పక్కనే బండ మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. "నాకు యాప్ లేదు సార్. గందుకే నేనున్న."

రెండో రోజూ అంతే. మూడో రోజు మెమో వచ్చింది. అనుమతి లేకుండా గైర్హాజరైనందుకు మిమ్మల్ని ఎందుకు సస్పెండ్ చేయకూడదో సాయంత్రంలోగా చెప్పండి అని. తాను ఏదులొర్రెలో విధి నిర్వహణలో ఉన్నానని విశ్వంభర్ జవాబు పంపాడు. పది నిమిషాల్లో తిరుగు జవాబు వచ్చింది. ఏదులొర్రెలో ఎవరూ లేరు, కాబట్టి మీరూ అక్కడ ఉండే అవకాశం లేదు. ఇందుకు ఆధారంగా మీరే స్వయంగా పంపిన మొన్నటి నివేదికను జతపరుస్తున్నాము.

ఇరవై రెండేళ్ల సర్వీసు. విశ్వంభర్ గుట్ట దిగి వచ్చి భూమక్క అరుగు మీద కూలబడ్డాడు. ఆమె ఏమైందని అడిగింది. ఆయన చెప్పాడు. ఉన్నవాణ్ని లేనంటున్నారమ్మా అన్నాడు.

"ఒచ్చి మూడొద్దులే అయితుంది సారూ. గింతల్నే గిట్ల అయితిరి," అంది భూమక్క.



ఆమె లోపలికి పోయి ప్రమిద వెలిగించి తెచ్చి గడప ముందు పెట్టింది. మధ్యాహ్నం మూడున్నర. ఆకాశం నల్లగా మూసుకుని ఉంది. ప్రమిద చుట్టూ గచ్చు మీద పసుపుపచ్చటి వెలుగు జానెడు మేర పరుచుకుంది.

"ఇయ్యాల కనబడ్తుందా?"

విశ్వంభర్ గడియారం చూసుకున్నాడు. అయిదు కాలేదు. చూసే అధికారం ఉంది. చూశాడు.

"కనబడుతోంది," అన్నాడు.

అక్కడికక్కడే అనుబంధ నివేదిక రాశాడు. 'ఆకాశము మేఘావృతమగుటచే గ్రామమున చిరాగ్ స్పష్టముగా గోచరించినది. కావున గ్రామము బేచిరాగ్ కాదు.' దాన్ని పంపాలంటే దీపం కింద నివసిస్తున్న వారి ఆధార్ సంఖ్యలు నింపాలి. విశ్వంభర్ ఊరందరినీ గుట్ట మీదికి పిలిచి రెండు వందల నలభై ఏడు మంది సంఖ్యలు ఒక్కొక్కటే నింపాడు. ప్రతి ఒక్కటీ తిరిగొచ్చింది. వీళ్లంతా ముత్యంగట్టు నివాసులు, ఒక మనిషి రెండు ఊళ్లలో నివసించరాదు. చివరికి తన సంఖ్య నింపాడు. తీసుకుంది. ఎందుకంటే ఆ మూడు రోజులూ రికార్డుల్లో ఎక్కడా లేని మనిషి జిల్లా మొత్తంలో ఆయన ఒక్కడే.

ఏదులొర్రె జనాభా సున్న నుంచి ఒకటికి పెరిగింది.

కలెక్టరేటు దీన్ని గొప్పగా స్వీకరించింది. ఒక్క నివాసి ఉన్నా యార్డు పెట్టరాదు కాబట్టి యార్డు రద్దయింది. తొంభై ఏళ్లుగా నిర్మానుష్యంగా ఉన్న గ్రామాన్ని పరిపాలనా దక్షతతో జనావాసంగా మార్చినట్టు పత్రికా ప్రకటన వెలువడింది. విశ్వంభర్‌కు శాలువా కప్పారు. శాలువా మడతపెట్టుకుని ఇంటికి పోబోతుంటే కోదండపాణి ఆపాడు. ఏదులొర్రెకు పోవాలి కదా అన్నాడు.

నిజమే. ఆయన ఊరు వదిలితే ఊరు మళ్లీ బేచిరాగ్. యాప్ కూడా ఇప్పుడు ఆయన మొహాన్ని ఏదులొర్రెలో తప్ప ఎక్కడా గుర్తించడం లేదు. విశ్వంభర్ భూమక్క ఇంటి ముందు గదిలో మంచం వేసుకున్నాడు. పొద్దున్నే గుట్ట ఎక్కి మొహం చూపించి, దిగి వచ్చి ముత్యంగట్టు ఆఫీసుకు పోయి, చీకటి పడకముందే తిరిగి వచ్చేవాడు. ఆలస్యమైతే ఊరంతా దారి కాచేది. జలుబు చేస్తే అరవై మూడు ఇళ్ల నుంచి మిరియాల కషాయం వచ్చేది. ఒకసారి జారి పడితే ఊరు ఊరంతా గుండెలు చేత్తో పట్టుకుంది. ఆయన భార్య చూడటానికి వచ్చింది గానీ ఉండటానికి వీల్లేకపోయింది. ఉంటే జనాభా రెట్టింపవుతుంది, దానికి వేరే ఫైలు నడపాలి.

ఆరు నెలలు గడిచాక విశ్వంభర్‌కు తహసీల్దార్‌గా ప్రమోషన్ వచ్చింది. జిల్లా చివరి మండలంలో పోస్టింగ్. ఏడు రోజుల్లో చేరాలి.

కబురు తెలిసి ఊరంతా భూమక్క వాకిట్లో చేరింది. పోవద్దని కొందరు, పోనియ్యద్దని కొందరు. విశ్వంభర్ చాలాసేపు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ తలలో ఇరవై రెండేళ్లుగా నియమాలు తప్ప ఇంకేమీ పెట్టలేదు. చివరికి అందులోంచే ఒకటి బయటికి వచ్చింది. ఏ అధికారి బదిలీ అయినా తన బాధ్యతలను ఇంకొకరికి చార్జి అప్పగించి పోవాలి. బీరువా తాళాలు, కుర్చీలు, గడియారం అన్నీ అప్పగిస్తారు. నివాసం మాత్రం ఎందుకు అప్పగించకూడదు?

కోదండపాణికి ఇందులో తప్పు పట్టే వీలు కనిపించలేదు. ముందుగా భూమక్కను ముత్యంగట్టు నివాసం నుంచి రిలీవ్ చేశారు. తర్వాత చార్జి పత్రం తయారైంది. 'ఏదులొర్రె గ్రామ నివాసి బాధ్యతలను ఈ రోజు పూర్వాహ్నం నేను అప్పగించితిని' అని విశ్వంభర్ సంతకం చేశాడు. 'నేను స్వీకరించితిని' అన్న చోట భూమక్క వేలిముద్ర వేసింది. వేసే ముందు స్రవంతితో రెండుసార్లు చదివించుకుంది.

మిగిలిన రెండు వందల నలభై ఆరు మందికి ముత్యంగట్టు నివాసులుగా కొనసాగుతూనే ఏదులొర్రెలో అదనపు బాధ్యతలు అప్పగిస్తూ ఒకే ఉత్తర్వు ఇచ్చారు. రికార్డుల్లో వాళ్లు ఇన్‌ఛార్జి నివాసులు. మంజూరైన నివాసి పోస్టు మాత్రం ఒక్కటే. అది భూమక్కది. విశ్వంభర్ పోతూ పోతూ ఆమెకు దండం పెట్టాడు.

ఆ తర్వాతి ఏడాది శ్రావణంలో స్రవంతికి ఆడపిల్ల పుట్టింది. వాన, ఒర్రె పొంగు. కాన్పు ఇంట్లోనే అయింది.

పదకొండో రోజున ఒర్రెలో నీళ్లు తగ్గగానే భూమక్క పిల్లను పొత్తిగుడ్డల్లో చుట్టుకుని, పుట్టిన కాగితం కోసం తహసీల్ ఆఫీసుకు వచ్చింది. కోదండపాణి పిల్లను చూసి ముచ్చటపడ్డాడు. చుబుకం పట్టుకుని ఆడించాడు. తర్వాత కుర్చీలో సర్దుకుని తన ఇబ్బంది వివరించాడు. పిల్ల ముత్యంగట్టులో పుట్టలేదు కాబట్టి ముత్యంగట్టు నివాసి కాదు. అసలు నివాసమే లేనివాళ్లకు అదనపు బాధ్యత ఇవ్వడం కుదరదు. ఏదులొర్రెలో ఉన్న పోస్టు ఒక్కటే, అది భర్తీ అయి ఉంది. కొత్త పోస్టుల మంజూరుపై నిషేధం ఉంది. ప్రతిపాదన పంపుతానన్నాడు. నిషేధం ఎత్తేశాక, నాలుగైదేళ్లలో రావచ్చన్నాడు.

"అందాక పిల్ల?"

"పుట్టనట్టుగా పరిగణించాల్సి ఉంటుందమ్మా. తాత్కాలికంగానే."

భూమక్క పిల్ల వైపు చూసింది. పిల్ల గుప్పిట బిగించి నిద్రపోతోంది.

"నా పోస్టు ఖాళీ అయితె ఇయ్యచ్చా?"

కోదండపాణి నియమాల పుస్తకం తిరగేశాడు. స్వచ్ఛందంగా దిగిపోతే ఇవ్వవచ్చు. కాకపోతే భూమక్క ముత్యంగట్టు నుంచి ఎప్పుడో రిలీవ్ అయిపోయింది. ఇక్కడ కూడా దిగిపోతే ఆమె పేరు ఎక్కడా ఉండదు. రేషన్ ఉండదు, ఓటు ఉండదు. ఈ సంగతి ఆయన దాచకుండా చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదేమోనని రెండోసారి కూడా చెప్పాడు.

"తెల్వనిదా సారూ. ముప్పయ్యారేండ్లు లేకుండనే ఉన్న. నాకు అలవాటే. దీనికి అలవాటు గావద్దు."

చార్జి పత్రం తెచ్చారు. అప్పగించినవారి దగ్గర భూమక్క బొటనవేలు వేసింది. తర్వాత పిల్ల గుప్పిట మెల్లగా విప్పి, ఆ చిట్టి బొటనవేలిని సిరాలో అద్ది, స్వీకరించినవారి దగ్గర ఒత్తించింది. పిల్ల నిద్రలోనే మొహం చిట్లించింది. కోదండపాణి సంతకం చేసి, ముద్ర వేసి, ఎందుకో లేచి నిలబడ్డాడు.

భూమక్క పిల్లను భుజాన వేసుకుని ఆఫీసు మెట్లు దిగి, ఏదులొర్రె బాట పట్టింది.

వచ్చిపోయేవాళ్ల వివరాలు రాసే గుమస్తా రిజిస్టరు తెరిచి కలం పట్టుకుని కాసేపు ఆలోచించాడు. తర్వాత నియమం ప్రకారం నింపాడు.

వచ్చినవారు: ఒకరు. పేరు: ఇంకా పెట్టలేదు. వయసు: పదకొండు రోజులు. తిరిగి వెళ్లిన విధం: కాలినడకన.